పాతబట్ట మీద కొత్త తగువు

తెనాలిలో చాలా ఏళ్ళుగా లేడీస్ టైలరింగు దుకాణం నడుపుతున్న మేనత్త. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ సెలవులకు వచ్చిన మేనకోడలు. మేనకోడలు తెచ్చిన మూటలో ఒక జీన్సు ప్యాంటు, ఒక నూలు చీర, ఒక పాలిస్టరు చీర, రెండు చొక్కాలు ఉన్నాయి. వాటితో చేతిసంచి కుట్టడం నేర్పమని ఆమె అడిగింది. నేర్పనని మేనత్త అంది. అక్కడినుంచి మాట ఇలా సాగింది.

మేనత్త: నేర్పడం బరువై కాదే పిల్లా. అందులో ఏముంది, నాలుగు తిన్నని కుట్లు, ఒక పట్టీ. అసలు సంచికి కరువొచ్చిన ఇల్లు ఎక్కడుందో చెప్పు. మా వంటింటి తలుపు వెనక మేకు చూశావా? పెళ్ళికెళ్తే తాంబూలం సంచి, బట్టల కొట్టుకెళ్తే కొట్టు పేరున్న సంచి, గృహప్రవేశానికెళ్తే రిటర్న్ గిఫ్టు సంచి. ఆ మేకు ఎప్పుడూడిపోతుందా అన్నట్టుంది. దానికి ఇంకోటి తగిలించడానికి నేను మిషను తొక్కాలా?

మేనకోడలు: ఆ మేకుకున్న వాటిలో సగం గుడ్డసంచులే కావత్తా. పట్టుకుంటే గుడ్డలాగే ఉంటాయి గానీ అవి ఎవరూ నేసినవి కావు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను సన్నటి పోగులు తీసి, వేడితో అదిమి, పొరలా చేస్తారు. అందుకే ప్రభుత్వం వాటిని కూడా ప్లాస్టిక్ నిబంధనల్లోనే చేర్చింది. 2021లో ఆ నిబంధనలు సవరించినప్పుడు క్యారీబ్యాగుల మందం ముందు 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు తగ్గకూడదన్నారు. ఈ గుడ్డలాంటి సంచి బరువు చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదన్నారు. దండెం మీద ఎండకు వదిలెయ్, కొన్నాళ్ళకు ముట్టుకుంటే పొడి రాలుతుంది.

మేనత్త: సరే, అవి పక్కన పెడదాం. నిజం గుడ్డవి కూడా నీ దగ్గర ఉన్నాయిగా? మొన్న భుజాన వేసుకొచ్చావు, తెల్లటి నూలు సంచి. దాని మీద చెట్టు బొమ్మ కూడా ఉంది.

మేనకోడలు: ఉన్నాయి. అవి కొని పుణ్యం కట్టుకున్నాననే అనుకున్నాను. 2018లో డెన్మార్కు ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఒక లెక్క వేసింది. అక్కడి కొట్లలో దొరికే మామూలు ప్లాస్టిక్ సంచితో రకరకాల సంచుల్ని పోల్చింది. కొత్త నూలు సంచి దానికి సమానం కావాలంటే, ఒక్క వాతావరణం సంగతే చూస్తే 52 సార్లు వాడాలట. నీళ్ళు, నేల, ఓజోను పొర, ఇలా అన్నిటి మీదా పడే భారం చూస్తే 7,100 సార్లు. అంతకుముందు 2011లో ఇంగ్లండు సంస్థ ఒకటి వాతావరణం మట్టుకే చూసి 131 సార్లు అంది.

మేనత్త: ఆగాగు. ఏడు వేల ఒక వందా? రోజూ బజారుకి తీసుకెళ్ళినా పందొమ్మిదేళ్ళు దాటుతుంది. ఏ గుడ్డ ఆగుతుందే అన్నేళ్ళు? నీ నోటితో నువ్వే నా వాదం గెలిపిస్తున్నావు.

మేనకోడలు: ఆ అంకె మీద అక్కడివాళ్ళే చాలా వాదులాడుకున్నారు. అన్ని భారాల్లోకీ ఎక్కువగా ఉన్నదాన్ని, అంటే ఓజోను లెక్కని పట్టుకుని చెప్పిన సంఖ్య అది. రోడ్డు మీద చెత్తైపోయి, కాలవలకు అడ్డుపడి, ఆవు పొట్టలోకి పోయే ప్లాస్టిక్ సంగతి ఆ లెక్కలో లేదు. అయినా నేను చెప్పొచ్చేది వేరే. ఆ బరువంతా ఎక్కడిది? పత్తి పండించడం, వడకడం, నేయడం, రంగెయ్యడం. ఈ జీన్సు ప్యాంటు విషయంలో ఆ ఖర్చంతా ఎప్పుడో అయిపోయింది. నేను దాన్ని ఏళ్ళ తరబడి తొడుక్కున్నాను కూడా. దాంతో సంచి కుడితే కొత్తగా పడేది దారం ఖర్చు, నీ మిషను తిరిగిన ఖర్చు. నీ మిషనుకు కరెంటు కూడా అక్కర్లేదు.

మేనత్త: కరెంటు అక్కర్లేదు గానీ కాళ్ళు కావాలి. పైగా దారంతో ఆగే మనిషివా నువ్వు? రేపు జిప్పు కావాలంటావు. లోపల బక్రం కావాలంటావు, లేకపోతే సంచి నిలబడదంటావు. అయస్కాంతం బటను, పూసల లేసు, పట్టీకి ఇత్తడి రింగులు. కొట్లో కొత్తవి కొనుక్కొచ్చి పాతబట్టకు అంటిస్తావు. చివరికి అందులో పాతదెంత, కొత్తదెంత? అసలు భయం అది కూడా కాదు. పాతబట్టలు సంచులవుతాయని ధైర్యం చిక్కిందనుకో, బట్టలు కొనడానికి అడ్డే ఉండదు. ఆషాఢం సేల్‌లో నాలుగు డ్రెస్సులు ఎక్కువ తెచ్చుకుని, ఫర్వాలేదులే, పాతవి సంచులు చేస్తున్నాంగా అనుకుంటారు. పాపం చేసి గోదాట్లో మునిగొచ్చినట్టు.

మేనకోడలు: అలా అనుకునేవాళ్ళు ఉన్నారు. కాదనను. కానీ సంచి కుట్టనంత మాత్రాన వాళ్ళు కొనడం మానేస్తారా?

మేనత్త: మానరు. కానీ నేను తోడు ఎందుకు పోవాలి? ముందు ఆ మూట విప్పు. కత్తెర పట్టుకోకముందు చూడాల్సినవి కొన్ని ఉంటాయి. ఇదిగో ఈ చొక్కా. దీనికేమైంది? కాలరు మడత దగ్గర అరిగింది, మెడ రాసుకుని. ఒళ్ళంతా బాగానే ఉంది. కాలరు విప్పి, తిరగేసి మళ్ళీ కుడితే అరిగింది కిందికి పోతుంది, బాగున్న వైపు పైకి వస్తుంది. మా నాన్న కాలంలో గుమాస్తాల చొక్కాలన్నీ ఇలా తిరగేయించుకున్నవే. ఇప్పుడు అడిగేవాళ్ళు లేక కొత్త కుర్రాళ్ళకి ఆ పనే రాదు. ఇక ఈ రెండోది. రెండు గుండీలు ఊడాయి, చంక దగ్గర కుట్టు విడింది. గుడ్డ చెక్కుచెదరలేదు. దీన్ని కోసి సంచి చేస్తానంటే నేనొప్పుకోను. తొడుక్కోదగ్గదాన్ని తొడుక్కోవాలి. చిరిగితే కుట్టుకోవాలి. మనకి సరిపోకపోతే సరిపోయేవాళ్ళకి ఇవ్వాలి. ఈ మూడూ కాకపోతేనే కత్తెర.

మేనకోడలు: ఈ వరస నాకు నచ్చింది. చొక్కాలు రెండూ పక్కన పెట్టెయ్. కాలరు నేను తిరగేస్తాను, నువ్వు చూపించు. మరి నూలు చీర? కుచ్చిళ్ళ కింద అంచు అరిగి దారాలు వేలాడుతున్నాయి. ఇది కట్టుకోలేను.

మేనత్త: కట్టుకోలేవు, నిజమే. అయినా సంచికి ఇవ్వను. ఇటు పట్టుకుని చూడు, ఎంత మెత్తబడిందో. ఇన్నేళ్ళు ఉతికితే గానీ నూలు ఇలా రాదు. మా ఇళ్ళల్లో ఇలాంటి చీరకి ఎంత గిరాకీ ఉండేదనుకున్నావు? పురిటికి వచ్చిన పిల్ల ఉంటే పొత్తిగుడ్డలకు ముందే దాచేవాళ్ళు. దూలానికి ఉయ్యాల కట్టాలంటే ఇదే. నాలుగు చీరలు పరిచి పైనుంచి కిందికి కుట్టేస్తే బొంత. తలగడకు గలీబు. దించుడు గుడ్డ, మసిగుడ్డ. నీళ్ళబిందె నెత్తిన పెట్టుకోవడానికి చుట్టకుదురు. చివరికి దీపంలో వత్తి. చీర ఇంట్లోంచి బయటికి పోయిందే లేదు. సంచి కూడా కుట్టేవాళ్ళు, బియ్యానికీ పప్పులకీ. కానీ దానికి చీర చాలదు, మందపాటి దుప్పటో పంచో వాడేవాళ్ళు.

మేనకోడలు: ఇక్కడే నేను నిన్ను పట్టుకోవాలి. నువ్వు చెప్పిన పనులన్నీ ఒకసారి మళ్ళీ లెక్కపెట్టు. పొత్తిగుడ్డ తడి పీల్చాలి. మసిగుడ్డ తడి పీల్చాలి, వేడికి కరగకూడదు. వత్తి నూనె పీల్చాలి. బొంత ఒంటికి చెమట పట్టించకూడదు. అన్నీ నూలు మాత్రమే చేయగల పనులు. ఇప్పుడు బీరువాల్లో ఉన్నదేంటి? పాలిస్టరు చీరలు, పాలిస్టరు కలిసిన చుడీదార్లు, సాగే లెగ్గింగులు. సిరిసిల్ల మరమగ్గాల మీద 2017 నుంచి నేసిన బతుకమ్మ చీరలు కూడా పాలిస్టరువే. ఈ బట్టతో పెనం దించు, చెయ్యి కాలుతుంది, గుడ్డ కరుగుతుంది. నేల తుడువు, నీళ్ళు అటూ ఇటూ జరుగుతాయి గాని గుడ్డలోకి ఎక్కవు. పసిపిల్లకి చుడతావా? పాత దారి మొత్తం నూలు కోసం వేసిన దారి. పాలిస్టరు ఆ దారిన పోలేదు, మట్టిలో కలవనూ కలవదు. చివరికి అది పోయేది చెత్తబండిలోకే.

మేనత్త: పాతబట్టలకి స్టీలు సామాన్లిచ్చేవాడు తీసుకోడా?

మేనకోడలు: అడిగి చూడు. పట్టుచీరైతే జరీ కోసం కళ్ళకద్దుకుని పట్టుకెళ్తాడు. కట్టుకోదగ్గ చీరైతే మారు బేరానికి తీసుకుంటాడు. చిరిగిన పాలిస్టరు చూపిస్తే చెంచా కూడా ఇవ్వడు. ఉన్ని బట్టలైతే హర్యానాలో పానిపట్ దాకా పోతాయి. అక్కడ వాటిని చీల్చి, మళ్ళీ పోగు తీసి, కంబళ్ళు నేస్తారు. మన ఎండ ఊళ్ళలో ఉన్ని ఎక్కడిది? మెత్తటి నూలు సంగతి నువ్వన్నట్టే. గూంజ్ అని ఒక సంస్థ ఉంది, అంశూ గుప్తా 1999లో మొదలుపెట్టాడు, 2015లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. వాళ్ళు పాత నూలుబట్టని శుభ్రం చేసి, ఆడవాళ్ళ నెలసరికి ప్యాడ్లు కుట్టిస్తారు. మెత్తటి నూలుకి సంచికంటే పెద్ద పనులున్నాయని ఒప్పుకుంటాను. ఈ చీరని ముట్టుకోను. కానీ సంచికి కావలసింది పీల్చుకునే గుణం కాదు, లాగితే తెగని గుణం. అది పాలిస్టరుకుంది, జీన్సుకుంది. సంచిని వారం వారం ఉతకం కాబట్టి పాలిస్టరు ఉతికిన ప్రతిసారీ నీళ్ళలోకి రాలే సన్నటి నూగు కూడా తగ్గుతుంది. ఇంకో పనికి రాని బట్టకి ఇంతకంటే తగిన పని నాకు కనిపించలేదత్తా. నీకు కనిపిస్తే చెప్పు.

మేనత్త: చెప్పలేను. ముడ్డి దగ్గరా తొడల దగ్గరా అరిగిన ఈ జీన్సుకి నేనైతే ఏమీ చెయ్యలేను. ఆ పాలిస్టరు చీర తుడవడానికి కూడా పనికిరాదన్నది రోజూ చూస్తున్నదే. సరే, ఆ రెండూ ఇటు తే. కానీ ఒక షరతు. కొట్టు నుంచి దారం తప్ప ఇంకేదీ రాకూడదు. ఈ రెండు బట్టల్లో ఉన్నదాంతోనే సంచి అవ్వాలి.

మేనకోడలు: జిప్పు లేకపోతే బస్సులో పర్సు కొట్టేస్తారు.

మేనత్త: ప్యాంటుకి జిప్పు లేదా? పొట్టిదే, సంచి నోటికి చాలదు. లోపలి జేబుకి చాలుతుంది. పర్సు అందులో పెట్టుకో. నోటికి ఈ ప్యాంటు ఇత్తడి బటనూ, చీర అంచుతో ఒక ఉచ్చూ. చూడు, ముందు విప్పడం. కుట్టడానికంటే విప్పడానికే ఎక్కువ సేపు పడుతుంది, తెలుసుకో. కాళ్ళకి రెండు పక్కలా కుట్టు ఉంటుంది. ఒక పక్క రెండు వరసల గట్టి కుట్టు, ఇంకో పక్క ఓవర్‌లాకు కుట్టు. గట్టిదాని జోలికి పోకు. ఓవర్‌లాకు వైపు బ్లేడుతో నాలుగైదు కుట్లకొకటి తెంపుకుంటూ పోయి లాగు, వచ్చేస్తుంది. పరిస్తే నడిమధ్య ఆ రెండు వరసల కుట్టు నిలువుగా వస్తుంది. అందానికి అందం, బలానికి బలం.

మేనకోడలు: పై భాగంలోంచి ఎందుకు తియ్యకూడదు? అక్కడ వెడల్పు ఎక్కువుందిగా.

మేనత్త: వెడల్పుంది, ప్రాణం లేదు. వెలుతురుకి ఎత్తి చూడు. తొడ దగ్గర, కూర్చునే చోట, మోకాలి దగ్గర జల్లెడలా వెలుగు కనిపిస్తుంది. మోకాలి కిందినుంచి మడమ దాకా చిక్కగా ఉంటుంది. ఏ పాతబట్టకైనా ఇదే పరీక్ష. వెలుతురుకి పెట్టి చూడాలి, తర్వాత అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి రెండు చేతుల్తో లాగాలి. చిటచిట చప్పుడైతే వదిలెయ్. లాగితే రబ్బరులా సాగితే కూడా వదిలెయ్. లైక్రా కలిసిన ప్యాంటుతో సంచి కుడితే రెండు కేజీల బంగాళాదుంపలకే మోకాలి దాకా వేలాడుతుంది. నీది పాత రకం, సాగదు. అదృష్టం.

మేనకోడలు: ఎంత కొయ్యమంటావు?

మేనత్త: కింది మడత తీసేసి, అక్కడినుంచి పైకి పదహారు అంగుళాలు, అడ్డం పదిహేను. రెండు కాళ్ళకి రెండు ముక్కలు. నిలువు నిలువుగానే ఉండాలి, అడ్డం తిప్పకు. బరువంతా మోసేది పడుగు పోగు, అది కాలి పొడుగునా ఉంటుంది. చీరలో కూడా అంతే, పడుగు అంచు వెంబడే పోతుంది. అందుకే ఉచ్చుకి అంచు కొయ్యమన్నాను. అడ్డంగా కోస్తే పేక పోగు మీద బరువు పడి పీక్కుపోతుంది. ఇక చీరలోంచి అదే కొలతకి లోపలి లైనింగు రెండు ముక్కలు. చీరలో గట్టి భాగం ఏదో తెలుసా? కొంగు కాదు, అది గాలికీ ఎండకీ తిరిగి అలిసిపోయి ఉంటుంది. బొడ్డు దగ్గర మొదట దోపుకునే కొస ఉందే, అది ఎప్పుడూ లోపలే ఉంటుంది. అక్కడ కొయ్యి.

మేనకోడలు: పాతబట్టతో కుట్టడంలో ఇంకో లాభం ఉందత్తా. కొత్త జీన్సు గుడ్డైతే ముందు నానబెట్టాలి, ముడుచుకుపోతుంది, రంగు దిగి చీరంతా నీలమవుతుంది. ఇది ముడుచుకోవలసినంతా ముడుచుకుంది, దిగవలసిన రంగంతా దిగింది.

మేనత్త: అది నిజం. ఇప్పుడు మిషను దగ్గరికి రా. జాకెట్లకు వేసే సన్న సూది తీసెయ్, పదహారో నంబరు వెయ్యి. పాలిస్టరు దారం. కుట్టు కొంచెం పెద్దది పెట్టు, అంగుళానికి ఏడెనిమిది. ముందు ప్యాంటు జిప్పుతో, చీర ముక్కతో ఒక లైనింగుకి జేబు కుట్టేసుకో, తర్వాత చెయ్యి పట్టదు. వెనక జేబు ఒకటి విప్పి జీన్సు ముక్క మీద బయటికి కుట్టు, ఫోనుకి పనికొస్తుంది. అప్పుడు రెండు జీన్సు ముక్కలూ మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, అర అంగుళం వదిలి, రెండు పక్కలూ అడుగూ కుట్టు. లైనింగు కూడా అలాగే, కానీ అడుగున మధ్యలో జానెడు వదిలెయ్.

మేనకోడలు: ఎందుకు వదలడం?

మేనత్త: తిరగెయ్యడానికి. చెప్తాను, తొందరెందుకు? అడుగు మూలలు చూడు, మొనగా ఉన్నాయి. అలాగే ఉంచితే సామాను ఒక మూలకి జారి సంచి వంకర పోతుంది. పక్క కుట్టునీ అడుగు కుట్టునీ ఒకదాని మీద ఒకటి పెడితే మూల గోపురంలా వస్తుంది. దానికి అడ్డంగా మూడు అంగుళాల గీత గీసి కుట్టి, కొన కోసెయ్. రెండు మూలలూ అలా చేస్తే అడుగు పదకొండు అంగుళాల పొడుగు, మూడు అంగుళాల వెడల్పు అవుతుంది. ఎత్తు పదమూడున్నర మిగులుతుంది. బక్రం లేకుండా నిలబడుతుంది. లైనింగు మూలలు కూడా అంతే.

మేనకోడలు: పట్టీ?

మేనత్త: నడుం పట్టీ. ప్యాంటులో అన్నిటికంటే మొండి భాగం అదే. నాలుగైదు పొరలు మడిచి కుట్టి ఉంటుంది, నీ బరువు లాగిన బెల్టుని ఇన్నేళ్ళూ ఆపింది. దాన్ని కోయకు, ప్యాంటునుంచి విప్పి ముక్కలు చెయ్యకుండా వాడు. ఒక కొసకి బటను, ఇంకో కొసకి కాజా, రెండు కొసలూ ముందే మడిచి ఉన్నాయి, కాబట్టి దారాలు పీక్కురావు. బటను మాత్రం కుట్టే చోటికి అడ్డం, పీకేసి నోటికి వాడుకో. కొసలు రెండూ సంచి పక్కల మీద, పైనుంచి రెండు అంగుళాలు కిందికి దించి పెట్టు. లోపలి వైపు ఇంకో జీన్సు ముక్క దన్నుగా పెట్టి, చదరంగా చుట్టూ కుట్టి, ఆ చదరంలో ఇంటూ గుర్తు వెయ్యి. సంచి చిరిగేది ఎప్పుడూ ఇక్కడే. గుడ్డ పోయి కాదు, ఈ కుట్టు బద్ధకంగా వేసి. పొరలు ఎక్కువైన చోట కాలితో తొక్కకు, సూది విరిగి కంట్లో పడుతుంది. ముందు సుత్తితో నాలుగు దెబ్బలు వేసి మడతని అణుచు, చక్రం చేత్తో తిప్పుకుంటూ పో.

మేనకోడలు: ఇప్పుడు తిరగెయ్యడం.

మేనత్త: జీన్సు సంచిని మంచివైపుకి తిప్పు. లైనింగుని అలాగే ఉంచు. సంచిని దాంట్లో దింపితే రెండు మంచి వైపులూ కలుస్తాయి. అంచు ఉచ్చు మధ్యలో ఇరికించి, పట్టీ లోపలికి తోసేసి, నోటి చుట్టూ కుట్టు. లైనింగు జారుతుంది, ముందు కచ్చా కుట్టు వేసుకో. తర్వాత అడుగున వదిలిన జానెడు కంతలోంచి మొత్తం బయటికి లాగు. కంత మూసి కుట్టెయ్. పైన నోటి చుట్టూ మరో వరస. కోసిన అంచులన్నీ రెండు పొరల మధ్య దాక్కున్నాయి, ఓవర్‌లాకు పని కూడా లేదు. అంతే, అయిపోయింది. దీనికి నాతో ఇంత సేపు వాదించాలా?

మేనకోడలు: వాదించాలి. ఎందుకంటే నాకు ఇది నా ఒక్కదానికి కాదు. మా అపార్టుమెంటులో ఆడవాళ్ళకి ఆదివారాలు నేర్పుదామనుకుంటున్నాను. అక్కడ బాబిన్‌కి దారం చుట్టడం తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. గుండీ ఊడితే చొక్కా పారేసేవాళ్ళున్నారు. జాకెట్టుతో మొదలుపెట్టలేం, అర అంగుళం తేడా వస్తే ఒంటికి పట్టదు, విసుగొచ్చి మానేస్తారు. సంచికి ఒళ్ళు కొలత లేదు. వంకర కుట్టు పడినా బియ్యం కారవు. పలక మీద అ ఆలు దిద్దినట్టు, చెయ్యి తిరగడానికి ఇంతకంటే సులువైనది లేదు. ఇవాళ సంచి కుట్టినవాళ్ళు రేపు కాలరు తిరగేస్తారు. నువ్వు ముందు చెప్పిన బాగుచేసుకోవడం వాళ్ళకి అబ్బేది ఇలాగే.

మేనత్త: దీనికి నేను అడ్డు చెప్పను. పైగా నాకే లాభం. ఒకసారి తానే పట్టీ కుట్టుకున్న మనిషి, లైనింగు జాకెట్టు కూలి దగ్గర నాతో గీచి గీచి బేరమాడదు. కానీ ఒక్కొక్కరు ఒకటే కుట్టాలి. అది చిరిగేదాకా రెండోది కుట్టకూడదు. నీ డెన్మార్కు లెక్క చెప్పేది కూడా అదేగా? గుడ్డ ఏదన్నది తర్వాత, ఎన్నిసార్లు పట్టుకెళ్ళావన్నదే లెక్క. రంగుకొకటి, చీరకొకటి కుట్టుకుంటూ పోతే మా మేకు కథే. ఇంట్లో ఈ సంచి వచ్చాక బజారులో కవరు అడగడం ఆగాలి, ఇంకో హ్యాండ్‌బ్యాగు కొనడం ఆగాలి. ఏదీ ఆగకపోతే అది ఉత్త కాలక్షేపం. కాలక్షేపం తప్పు కాదు, దానికి పుణ్యం పేరు పెట్టడమే తప్పు.

మేనకోడలు: ఒకటే అంటే ఎలా అత్తా? మొదటిది వంకరగా వస్తుంది, రెండోది కొంచెం నయం. చెయ్యి తిరగాలంటే నాలుగైనా కుట్టాలి. మిగిలినవి అమ్ముదామనుకుంటున్నాను. మా ఆఫీసులో కొంటామన్నవాళ్ళు ఉన్నారు. మీ దుకాణంలో కాజాలు కుట్టే అమ్మాయిలు కూడా తీరిక ఉన్నప్పుడు కుడితే వాళ్ళకి నాలుగు రూపాయలు వస్తాయి.

మేనత్త: ఇక్కడ మాత్రం నేను తగ్గను. కొత్త గుడ్డ తానుగా వస్తుంది. పది పొరలు పరిచి ఒక్కసారే కోస్తారు, ఒక మనిషి పట్టీలే కుడుతుంది, ఇంకో మనిషి అడుగులే కుడుతుంది. అలా రోజుకి గుట్టలు గుట్టలు దిగుతాయి. పాతబట్ట అలా లొంగదు. ప్రతి ప్యాంటూ వేరే కొలత, వేరే చోట అరుగుదల, విప్పడం మళ్ళీ వేరే. నీ సంచికి పట్టిన సేపట్లో మా అమ్మాయి ఒక లైనింగు జాకెట్టు కుట్టి కూలి తీసుకుంటుంది. నీ సంచి కొనేవాడు ఏమంటాడు? పాతబట్టేగా, గుడ్డ ఖర్చు లేదుగా, తగ్గించు అంటాడు. గుడ్డకి లేని ఖర్చు చేతికి ఉంది. అది ఎవరూ అడగరు. ఎక్కడో ఆడమనిషి తీరికలో చేస్తుందిలే అని ఆ కూలి సగానికి కోసేస్తారు. పర్యావరణం పేరు చెప్పి మా పిల్లల కూలి కొయ్యనివ్వను.

మేనకోడలు: కూలి తగ్గించమని నేననలేదే. ఎంత సేపు పట్టిందో అంత కూలి వేసి, దాని మీదే ధర పెడదాం. విప్పిన సేపు కూడా కలుపుదాం.

మేనత్త: కలుపు. జాకెట్టు లెక్కనే కలుపు. ఎంత తేలిందో చూడు.

మేనకోడలు: ఈ ధరకి మా ఆఫీసులో ఒక్కరూ కొనరత్తా. ఆన్‌లైన్‌లో ఇందులో సగానికి కొత్తది వస్తుంది.

మేనత్త: కొనకపోతే ఇంకా మంచిది. ఆదివారం మిషను దగ్గరికి రమ్మను, ఎవరి సంచి వాళ్ళే కుట్టుకుంటారు.